రీఇష్యూ బేస్‌లో పాత రికార్డు నాదం

జేమ్స్ జేమర్సన్‌కు డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో పేరు తెచ్చిపెట్టిన ఫెండర్ ప్రెసిషన్ బేస్ 1962 నాటిది. మోటౌన్ పాటలు అమెరికాను ఊపేసింది 1960ల నడిమి సంవత్సరాల్లో. అంటే ఇవాళ బేస్ వాయించేవాళ్లు 'వింటేజ్' అని కలవరించే ఆ శబ్దం టేపు మీదికి ఎక్కేనాటికి ఆ వాయిద్యానికి నిండా ఐదేళ్లు లేవు. చెక్క దశాబ్దాలపాటు ఆరి గట్టిపడలేదు, పికప్‌లోని అయస్కాంతాలు ముసలివి కాలేదు, పైపూత బీటలు వారలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఎంతో కాలం కాని సరుకు అది.

రీఇష్యూ బేస్ కొన్నవాళ్లు ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే సగం ఖర్చు, ముప్పాతిక వేదన తప్పుతాయి. పాత నమూనా ప్రకారం కొత్తగా చేసిన బేస్ ఇవాళ ఏ వయసులో ఉందో, 1964లో జేమర్సన్ చేతిలోని బేస్ కూడా దాదాపు ఆ వయసులోనే ఉంది. మరి మన బేస్ అలా ఎందుకు పలకదు? జవాబు చెక్కలో వెతికేవాళ్లున్నారు, కెపాసిటర్‌లో వెతికేవాళ్లున్నారు, రంగులో వెతికేవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో అసలు జవాబు తీగల్లో, స్పాంజి ముక్కలో, కుడిచేతి వేళ్లలో, రికార్డు చేసిన పద్ధతిలో ఉంది. మిగతావన్నీ కలిపినా వీటి తర్వాతే.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలగాపులగం అవుతున్నాయి. పాత రికార్డులో విన్న శబ్దం ఎలా రాబట్టాలన్నది ఒకటి. అరవై ఏళ్ల పాత బేస్‌ను ఇవాళ చేతిలోకి తీసుకుంటే ఎలా పలుకుతుంది, దానిలా కొత్తది ఎలా పలుకుతుందన్నది రెండోది. రెండో ప్రశ్న వేలంపాటల్లో పాత బేస్‌లు కొనేవాళ్లది. వాయించేవాళ్లలో నూటికి తొంభై మందికి కావలసింది మొదటిది. ఈ వ్యాసం దాని గురించే.

కొంచెం చరిత్ర చెప్పుకోక తప్పదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. అంతవరకు మనిషెత్తు డబుల్ బేస్‌ను భుజాన మోసుకు తిరిగినవాళ్లకు, 34 అంగుళాల తీగ నిడివి, మెట్లు ఉన్న ఈ వాయిద్యం ప్రాణం పోసినట్టయింది. మెట్లుంటాయి కాబట్టి స్వరం కచ్చితంగా పడుతుంది. 'ప్రెసిషన్' అన్న పేరు అందుకే. మొదట్లో ఒకే ఒక్క సింగిల్ కాయిల్ పికప్ ఉండేది. 1957లో దాన్ని రెండు ముక్కలుగా చీల్చి, హమ్ము ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా తీర్చిదిద్దారు. ఇవాళ 'పి-బేస్' అనగానే కళ్లముందు మెదిలేది ఆ రూపమే. 1960లో సన్నటి నెక్‌తో, రెండు పికప్‌లతో జాజ్ బేస్ వచ్చింది. 1965 జనవరిలో కంపెనీ సీబీఎస్ చేతికి వెళ్లింది. ఆ తర్వాతి కాలపు నాణ్యత మీద విమర్శలు పెరిగేకొద్దీ సీబీఎస్‌కు ముందునాటి సరుకుకు గిరాకీ, దాంతోపాటు మోజు పెరిగాయి. 1982లో ఫెండర్ కంపెనీయే '57, '62 నమూనాలను మళ్లీ చేసి అమ్మడం మొదలుపెట్టింది. జపాన్ ఫ్యాక్టరీలు కూడా అదే ఏడాది రంగంలోకి దిగాయి. ఇప్పుడు అమెరికాలో చేసే అమెరికన్ వింటేజ్ 2, మెక్సికోలో చేసే విన్టెరా, అందరి అందుబాటులో ఉండే స్క్వైయర్ క్లాసిక్ వైబ్, ఇలా ఏ జేబుకు తగ్గ రీఇష్యూ ఆ జేబుకు దొరుకుతోంది.

'వింటేజ్ నాదం' అని ఏకవచనంలో మాట్లాడటం దగ్గరే తప్పటడుగు పడుతోంది. అలాంటివి కనీసం నాలుగున్నాయి. మోటౌన్‌లో జేమర్సన్‌దీ, మెంఫిస్ నగరంలోని స్టాక్స్ స్టూడియోలో డక్ డన్‌దీ ఒక దారి: ప్రెసిషన్ బేస్, నున్నటి తీగలు, మునివేళ్ల మీటు, గుమ్మని మొదలై వెంటనే అణిగిపోయే నాదం. లాస్ ఏంజెలెస్‌ది మరో దారి. అక్కడ కరోల్ కే గట్టి పిక్‌తో, బ్రిడ్జి దగ్గర తీగల మీద ఫెల్టు ముక్క వేసుకుని వాయించేది. నాదం పొట్టిగా, స్పష్టంగా, ఒక్కో స్వరం మేకు దిగ్గొట్టినట్టు ఉంటుంది. ఇంగ్లండ్‌లో పాల్ మెకార్ట్‌నీ హాఫ్‌నర్, రికెన్‌బాకర్ బేస్‌లది వేరే కథ. ఇక 1970ల జాజ్ బేస్ పూర్తిగా వేరే లోకం: జాకో పాస్టోరియస్ మెట్లు పీకేసిన 1962 జాజ్ బేస్ నుంచి, 1977 జాజ్ బేస్ మీద మార్కస్ మిల్లర్ బొటనవేలితో కొట్టే ఠంగుఠంగుల దాకా. ఇక్కడ తీగలు గరుకువి, పై స్వరాలన్నీ బయటికి రావాలి.

జేమర్సన్ శబ్దం కోరుకుంటూ '70ల జాజ్ బేస్ రీఇష్యూ కొనడం చేజేతులా కష్టాలు కొనితెచ్చుకోవడం. 1970ల మొదట్లో జాజ్ బేస్‌లో వెనక పికప్‌ను బ్రిడ్జి వైపు కొద్దిగా జరిపారు. ఆ జరిపిన కాస్త దూరమే శబ్దానికి పదును తెచ్చింది. ఏ పాటలోని బేస్ కావాలో ముందు తేల్చుకుని, అది ఏ వాయిద్యం మీద వాయించారో తెలుసుకుని, ఆ తర్వాతే కొట్టుకు వెళ్లాలి.

ఇక తీగలు. ఈ చర్చలో బరువంతా ఇక్కడే ఉంది. ఇప్పుడు కొట్లో దొరికే దాదాపు ప్రతి బేస్‌కూ ఫ్యాక్టరీలోనే రౌండ్‌వౌండ్ తీగలు బిగించి పంపుతారు. నడిమి ఊచ చుట్టూ గుండ్రటి సన్నతీగ చుడతారు కాబట్టి పైభాగం గరుకుగా ఉంటుంది, శబ్దం పియానోలా మెరుస్తుంది. 1960ల మధ్య దాకా ఎలక్ట్రిక్ బేస్ అంటే ఫ్లాట్‌వౌండే. అందులో చుట్టేది బల్లపరుపు రేకు. వేలు జారితే చప్పుడు రాదు, పై అనుస్వరాలు త్వరగా చచ్చిపోతాయి, అడుగు స్వరం మిగులుతుంది. లండన్‌లో బేస్ వాద్యకారుడు జాన్ ఎంట్విజిల్ తీగలు చేసే రోటోసౌండ్ కంపెనీతో కలిసి పనిచేశాక గరుకు తీగల శకం మొదలైంది. అంతకుముందు రికార్డయిన ఏ పాటలోని బేస్ కావాలన్నా, గరుకు తీగలతో ఆ శబ్దం కోసం ఎన్ని గుబ్బలు తిప్పినా వృథా శ్రమే.

జేమర్సన్ వాడినవి లా బెల్లా కంపెనీ లావు ఫ్లాట్‌వౌండ్‌లు. తెగితే తప్ప మార్చేవాడు కాదు. లాస్ ఏంజెలెస్‌లో జో ఆస్బర్న్ కూడా తన 1960 జాజ్ బేస్ తీగల్ని ఏళ్ల తరబడి మార్చలేదు. ఇందులో మొండితనం కొంత ఉన్నా శాస్త్రం కూడా ఉంది. చెమట, మురికి చుట్ల మధ్యకు చేరి, మెట్లు తగిలిన చోట తీగ నొక్కుకుపోయి, పై అనుస్వరాలు ఇంకా త్వరగా అణుగుతాయి. కొత్త ఫ్లాట్‌వౌండ్ సెట్టు వేసిన రోజున ఒకరకమైన ఇనుప మెరుపు వినిపిస్తుంది. అది విని 'ఇది కాదు' అని విప్పేసేవాళ్లు ఎందరో. కొన్ని వారాలు వాయించాక గానీ ఆ తీగ అసలు గొంతు విప్పదు. చూడటానికి పాత తీగలా ఉన్నంత మాత్రాన గరుకు తీగ ఆ పని చేయలేదన్నది కూడా గమనించాలి. పాతబడిన రౌండ్‌వౌండ్ మందగిస్తుంది, అంతేగాని ఫ్లాట్‌వౌండ్ కాదు.

ఫ్లాట్‌వౌండ్‌లన్నీ ఒకటి కావు. జేమర్సన్ పేరుమీద అమ్మే లా బెల్లా సెట్టు 52 నుంచి 110 వరకు ఉంటుంది; అంటే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట 52 వంతులు, లావు తీగది 110 వంతులు. మామూలు రౌండ్‌వౌండ్ సెట్టు 45–105. వియన్నాలో తయారయ్యే థామస్టిక్ జాజ్ ఫ్లాట్‌లు 43–100, బిగువు బాగా తక్కువ, గొంతు కాస్త తెరుచుకుని ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు లా బెల్లా లావు సెట్టుతో మొదలుపెడితే వారంలో వీణకు పారిపోతారు. మధ్యస్థంగా 45–105 ఫ్లాట్‌వౌండ్ సెట్టు తీసుకోవడం మేలు.

తీగ మార్చడంలో ఒకటి రెండు కిటుకులు తెలియకపోతే బోలెడు డబ్బు పోసిన సెట్టు పాడవుతుంది. పాతకాలపు నమూనా బిరడల్లో కడ్డీ నడిమధ్యన చిన్న గుంట ఉంటుంది, తీగ కొస అందులో దిగాలి. తీగను బిరడ దాటి సుమారు 10–12 సెంటీమీటర్లు వదిలి, కత్తిరించబోయే చోటుకు ముందే నొక్కి నిట్టనిలువుగా వంచాలి. ఆ వంపు తర్వాత కత్తిరించాలి. వంచకుండా కత్తిరిస్తే లోపలి ఊచ మీద రేకు చుట్టు వదులై జారుతుంది. అప్పుడు తీగ మొద్దుబారుతుంది, స్వరం నిలకడగా నిలవదు, మళ్లీ బాగుచేయడం కుదరదు. కొసను గుంటలో దింపి, చుట్లు పైనుంచి కిందికి వచ్చేలా రెండు మూడు చుట్లు తిప్పితే నట్ మీద తీగ గట్టిగా కూర్చుంటుంది. లావు తీగ నట్ గాడిలో పూర్తిగా దిగిందో లేదో కంటితో చూడాలి. దిగకపోతే అది గాడి పైఅంచు మీద కూర్చుని వాయిస్తున్నప్పుడు జిర్రుమంటుంది. గాడిని తగినంత అరగదీయడం తెలిసినవాళ్ల చేత చేయించుకోవలసిన పని.

తర్వాతి తలనొప్పి నెక్. లావు తీగలు ఎక్కువ బలంగా లాగుతాయి, నెక్ ముందుకు వంగుతుంది. ఒకటో మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర తీగను ఒకేసారి నొక్కి పట్టుకుని, ఏడో ఎనిమిదో మెట్టు పైన తీగకు మెట్టుకు మధ్య సందు చూడండి. పాతకాలపు 7.25 అంగుళాల వంపున్న ఫింగర్‌బోర్డుకు ఫెండర్ చెప్పే కొలత దాదాపు 0.35 మిల్లీమీటర్లు, ఒక మందపాటి విజిటింగ్ కార్డు దూరేంత. అంతకు మించితే ట్రస్ రాడ్ బిగించాలి. ఇక్కడే రీఇష్యూల పాతకాలపు నిజాయితీ మన ప్రాణం తీస్తుంది. చాలా మోడళ్లలో ఆ రాడ్ తల నెక్ అడుగున, బాడీ లోపల దాక్కుని ఉంటుంది. తీగలు వదులు చేసి, నాలుగు మరలు విప్పి నెక్ పైకి లేపి, పావు చుట్టు మించకుండా తిప్పి, మళ్లీ బిగించి, శ్రుతి చేసి, ఒక రాత్రి ఆగి, మళ్లీ కొలవాలి. పాత పద్ధతిని ఇంత తు.చ. తప్పకుండా పాటించక్కర్లేదని నాకనిపిస్తుంది గానీ, కొనేవాళ్లకు అదే కావాలట.

జేమర్సన్ బేస్‌కు తీగలు చాలా ఎత్తులో ఉండేవి, ఇంకొకరు వాయించడం కష్టమయ్యేది. ఆ ఎత్తును అనుకరించమని ఎవరికీ సలహా ఇవ్వను. అయితే తీగల్ని మరీ కిందికి దించి వాయించే ఇప్పటి అలవాటు వల్ల ప్రతి స్వరానికీ మెట్టు తగిలిన టకటక వస్తుంది. అది పాత రికార్డుల్లో వినపడదు. కొంచెం పైకి లేపండి చాలు.

ఇప్పుడు స్పాంజి. పాత ప్రెసిషన్ బేస్‌కు బ్రిడ్జి మీద మెరిసే లోహపు మూత ఒకటి బిగించి ఉండేది. వాయించేవాళ్లు దాన్ని విప్పి బూడిద రాల్చుకోవడానికి వాడేవాళ్లు కాబట్టి దానికి 'యాష్‌ట్రే' అన్న ముద్దుపేరు వచ్చింది. ఆ మూత కింద తీగలకు ఒత్తుకునేలా రబ్బరో ఫోమో అంటించి పంపేవారు. డబుల్ బేస్ నాదం త్వరగా అణిగిపోతుంది. ఆ స్వభావాన్ని కొత్త వాయిద్యానికి తెచ్చే ఏర్పాటది. మూత విప్పేసినవాళ్లు ఆ సౌకర్యాన్నీ పోగొట్టుకున్నారు. జేమర్సన్ మూత అలాగే ఉంచుకున్నాడు, ఫోముతో సహా.

ఇంట్లో ఇది చేసుకోవడానికి పైసా ఖర్చుండదు. మెత్తటి ఫోము ముక్కను నాలుగు తీగల వెడల్పుకు సరిపోయేలా 7 సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పున కోసి, బ్రిడ్జికి ఆనించి తీగల కిందికి తోయండి. ఎత్తు తీగకు తగలీ తగలనట్టు ఉండాలి. తీగను పైకి తోసేంత మందంగా ఉంటే శ్రుతి చెడుతుంది, స్వరం టపటప మని చచ్చుబడుతుంది. నాలుగు తీగలకూ సమంగా తగిలిందో లేదో ఒక్కో తీగ మీటి వినాలి. సాధారణంగా సన్నటి జి తీగ దగ్గర తక్కువ ఒత్తుకుంటుంది, అక్కడ చిన్న ముక్క అదనంగా పెట్టాలి. గిన్నెలు తోమే స్పాంజి పచ్చటి గరుకు పొర తీసేస్తే చక్కగా పనిచేస్తుంది. అవసరం లేదనుకుంటే కుడి అరచేతి అంచును బ్రిడ్జి మీద ఆనించి బొటనవేలితో మీటవచ్చు. పాత బేస్‌లకు సన్న తీగ వైపున ఒక చిన్న చెక్క దిమ్మె ఉండేది. వేళ్లతో దాన్ని పట్టుకుని బొటనవేలితో వాయిస్తారని లియో ఫెండర్ ఊహించాడు. వాయించేవాళ్లు మాత్రం వేళ్లతో మీటారు, 1970ల్లో ఆ దిమ్మెను అవతలి వైపుకు మార్చారు.

జేమర్సన్ తన కుడి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఆ వేలికి 'కొక్కెం' అని పేరు పెట్టారు. ఒకే వేలు కాబట్టి ప్రతి స్వరం బరువు ఒకేలా ఉంటుంది, రెండు వేళ్లు మార్చి మార్చి వాయిస్తే వచ్చే చిన్న హెచ్చుతగ్గులు ఉండవు. మీటే చోటు కూడా ముఖ్యం. బ్రిడ్జికి దగ్గరగా మీటితే స్వరం కటువుగా, నెక్ వైపు జరిగితే గుండ్రంగా వస్తుంది. ఈ రెండూ డబ్బుతో కొనేవి కావు కాబట్టి కాబోలు, వీటి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

విద్యుత్ భాగాల విషయం త్వరగా ముగించవచ్చు. ప్రెసిషన్ పికప్‌లో అల్నికో అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నటి రాగితీగ సుమారు పదివేల చుట్లు. పాత రోజుల్లో చేత్తో తీగను నడిపిస్తూ చుట్టేవారు కాబట్టి ఒక్కో పికప్ ఒక్కోలా ఉండేది. అల్నికో సాధారణ వాడకంలో చెప్పుకోదగ్గ బలం కోల్పోదు. మంచి రీఇష్యూలోని పికప్ ఆనాటి దానికి తగినంత దగ్గరగా ఉంటుంది. చవక బేస్‌లలో ఇనుప కడ్డీల కింద సిరామిక్ అయస్కాంతం పెట్టినవి ఉంటాయి, వాటిని మార్చితే తేడా తెలుస్తుంది. ఇక కెపాసిటర్. నూనెలో ముంచిన కాగితపు కెపాసిటర్ అనీ, మైనపు కెపాసిటర్ అనీ దానికి వెల కట్టి అమ్ముతుంటారు. టోన్ గుబ్బ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు ఆ కెపాసిటర్ ముందు 250 కిలో ఓమ్‌ల నిరోధం అడ్డుంటుంది, దాని ప్రభావం నామమాత్రం. జేమర్సన్ బేస్ మీద గుబ్బలన్నీ పూర్తిగా తెరిచే ఉండేవి. కొండను తవ్వి ఎలుకను పట్టే పని ఇది.

కేబుల్ గురించి మాత్రం ఒక మాట. పికప్‌కూ కేబుల్‌కూ మధ్య లెక్క కుదిరే చోట ఒక అనునాద శిఖరం ఏర్పడుతుంది. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ అది కిందికి దిగుతుంది, శబ్దం మెత్తబడుతుంది. వైర్‌లెస్ పెట్టగానే అదే బేస్ ఒక్కసారిగా పదునెక్కిందని ఆశ్చర్యపోయేవాళ్లు కారణం ఇదని గుర్తించరు. పాతకాలపు చుట్టలు చుట్టిన పొడవు కేబుల్ శబ్దాన్ని మెత్తబరిచింది ఇలాగే.

చెక్క, రంగు విషయంలో వాదన ఎప్పటికీ తెగదు. ఫెండర్ వాయిద్యాల బాడీలకు ఎక్కువగా వాడింది ఆల్డర్, కొన్నింటికి యాష్. పాత ఫింగర్‌బోర్డులకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు, 1992 నుంచి అంతర్జాతీయ వ్యాపారంలో దానిపై తీవ్రమైన ఆంక్షలున్నాయి. ఇప్పుడు చాలావాటికి పడేది ఇండియన్ రోజ్‌వుడ్, అంటే మన అడవుల్లో పెరిగే జిట్రేగే. 2017లో రోజ్‌వుడ్ జాతులన్నిటి మీదా ఆంక్షలు పెట్టడంతో ఫెండర్ మెక్సికో ఫ్యాక్టరీలో పావు ఫెర్రో అనే వేరే కలపకు మారింది. తయారైన వాయిద్యాలకు 2019లో సడలింపు వచ్చింది. ఈ రెండు రోజ్‌వుడ్‌ల తేడాను కళ్లు మూసుకుని బేస్ శబ్దంలో పట్టుకోగలనని ఎవరన్నా అంటే వినయంగా తలూపి ఊరుకోవడం మంచిది.

నైట్రోసెల్యులోజ్ పూత పల్చగా ఉండి చెక్కను 'ఊపిరి పీల్చుకోనిస్తుంది' అన్నది మరో ప్రచారం. ఫెండర్ వాడిన రంగుల్లో డ్యూపాంట్ కార్ల రంగులు కూడా ఉన్నాయి, వాటిలో కొన్ని నైట్రో కూడా కాదు, యాక్రిలిక్. 1960ల్లో వాటి కింద చెక్క రంధ్రాలు మూసేసే గట్టి సీలర్ కూడా పూసేవారు. ఊపిరి ఎక్కడిదో తెలియదు. 1995లో ఫెండర్ కస్టమ్ షాప్ కొత్త వాయిద్యాన్ని గీరి, నలగ్గొట్టి, తుప్పు పట్టించి 'రెలిక్' పేరుతో ఎక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టింది. శబ్దానికీ దానికీ సంబంధం లేదు. అయితే నెక్ వెనక రంగు అరిగిన బేస్ చేతికి హాయిగా ఉంటుంది, అది నిజమే. చెక్క వల్ల తేడా వచ్చే చోటు మరొకటుంది. ఫెండర్ బేస్‌లలో జి తీగ మీద ఐదో మెట్టు నుంచి ఏడో మెట్టు వరకు ఎక్కడో ఒక చోట స్వరం త్వరగా చచ్చిపోతుంది. నెక్ ఆ స్వరం దగ్గర తానే కదులుతూ తీగ శక్తిని మింగేస్తుంది. కొనేముందు ఆ మెట్లు ఒక్కొక్కటి వాయించి చూడండి. ఒకే మోడల్‌లో రెండు బేస్‌లు వేరుగా పలకడానికి ఇలాంటివే కారణం.

చివరిగా, అన్నిటికన్నా తక్కువ పట్టించుకునే సంగతి: మనం విన్నది బేస్ శబ్దం కాదు, రికార్డు శబ్దం. మోటౌన్‌లో బేస్‌ను యాంప్లిఫయర్ ముందు మైకు పెట్టి కాకుండా నేరుగా కన్సోల్‌లోకి పంపేవారు. ట్రాన్స్‌ఫార్మర్లు, ట్యూబులు, టేపు, వీటన్నిటిలో స్వరం కాస్త నలిగి, కాస్త చిక్కబడేది. ఆ రికార్డులు మోగింది కార్ల రేడియోల్లో. బేస్ అడుగు తీగ ఇ స్వరం పౌనఃపున్యం దాదాపు 41 హెర్ట్జ్, చిన్న స్పీకర్లు దాన్ని పలకలేవు. వినేవాడి చెవికి చేరేది దానికి రెట్టింపైన 82, దాని పైవి. అందుకే పాత బేస్ మధ్యస్థాయిలో నిండుగా, 'చెప్పినట్టు' వినిపిస్తుంది. 1966లో బీటిల్స్ 'పేపర్‌బ్యాక్ రైటర్' రికార్డింగులో ఇంజనీర్ జెఫ్ ఎమరిక్ ఒక లౌడ్‌స్పీకర్‌నే మైకుగా వాడి బేస్‌ను పట్టాడంటే, బేస్ శబ్దం కోసం స్టూడియోలో ఎంత పోరాటం జరిగిందో ఊహించుకోవచ్చు. వేదిక మీద యాంప్లిఫయర్ వాడిన సందర్భాల్లో కూడా 1960లో వచ్చిన ఆంపెగ్ బి-15లో ఉన్నది ఒకే ఒక్క 15 అంగుళాల స్పీకర్. పై ధ్వనుల కోసం విడిగా చిన్న ట్వీటర్ అసలే లేదు.

ఇంట్లో రికార్డు చేసుకునేవాళ్లకు దీన్నుంచి పని వెంటనే తెలుస్తుంది. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో 'ఇన్‌స్ట్రుమెంట్' లేదా 'హై-జెడ్' ఇన్‌పుట్ ఎంచుకోండి. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పికప్ మీద భారం పడి శబ్దం చప్పబడుతుంది, ఆ చప్పదనాన్నే వింటేజ్ అనుకునే ప్రమాదం ఉంది. 4 కిలో హెర్ట్జ్ పైన మెల్లగా కోసేయండి, 40 హెర్ట్జ్ కింద ఉన్న ఊగిసలాట తీసేయండి, ట్యూబు తీరులో కొంచెం నలిపే పెడల్ లేదా సాఫ్ట్‌వేర్ పెట్టండి, కంప్రెషన్ కొద్దిగా. యాంప్లిఫయర్‌లో వాయిస్తుంటే ట్వీటర్ ఆపేయండి. తర్వాత ఒంటరిగా కాక డ్రమ్ములతో కలిపి వినండి. ఒంటరిగా పేలవంగా అనిపించిన ఫ్లాట్‌వౌండ్ శబ్దం పాటలో కూర్చున్నాక గొప్పగా ఉంటుంది. ఒంటరిగా బ్రహ్మాండంగా అనిపించిన రౌండ్‌వౌండ్ శబ్దం చాలాసార్లు గాయకుడి గొంతుకు అడ్డం పడుతుంది.

మన చెవులకు బేస్ గిటార్ అలవాటైంది ఎక్కువగా మద్రాసులో రికార్డయిన సినిమా పాటల వల్ల. ఇళయరాజా బృందంలో దశాబ్దాలపాటు బేస్ వాయించిన శశిధరన్, రెహమాన్ పాటలకు వాయించిన కీత్ పీటర్స్ ఇద్దరూ మన శ్రోతలు పేరు తెలియకుండానే ప్రేమించిన వాద్యకారులు. 'అభినందన' (1988), 'గీతాంజలి' (1989) పాటల్ని ఒకసారి బేస్ మీద మాత్రమే దృష్టి పెట్టి వినండి. బేస్ తాళానికి తోడుగా నిలబడక, గొంతుకు ఎదురుగా తనదైన పాట పాడుతుంది. రీఇష్యూ కొన్న మన కుర్రాళ్లు జేమర్సన్ దగ్గరే ఆగిపోకుండా ఈ పాటల్లోని బేస్ గీతల్ని కూడా చేతికి తెచ్చుకుంటే బాగుంటుంది.

మన వాతావరణం కూడా ఒక పాత్రధారే. విశాఖ, కాకినాడల ఉప్పుగాలిలో గరుకు తీగల చుట్ల మధ్య తుప్పు త్వరగా చేరుతుంది. ఫ్లాట్‌వౌండ్‌ను గుడ్డతో తుడిచేస్తే చాలు, ఏళ్లు నిలుస్తుంది. మే నెల ఎండకూ ఆగస్టు ముసురుకూ నెక్ వంపు మారుతుంది కాబట్టి ఏడాదికి రెండుసార్లైనా సందు కొలవాలి. జాజ్ బేస్‌లోని రెండు సింగిల్ కాయిల్ పికప్‌ల శబ్దం సమంగా పెడితే హమ్ము రద్దవుతుంది, ఒకటి తగ్గించగానే 50 హెర్ట్జ్ కరెంటు గుర్రుమంటుంది. ఇంటి వైరింగులో సరైన ఎర్తింగు లేకపోతే అది ఇంకా పెరుగుతుంది. హమ్ము పోతుందని యాంప్లిఫయర్ ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టడం ఊళ్లలో, పెళ్లిళ్ల వేదికల మీద నేటికీ చూస్తుంటాం. బేస్ తీగలు ఎర్తుకు కలిపి ఉంటాయి. యాంప్లిఫయర్‌లో లోపం తలెత్తితే, ఎర్తు లేకపోతే ఆ కరెంటు వాయించేవాడి చేతుల్లోకి వస్తుంది. శబ్దం కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

జేమర్సన్ బేస్ 1983లో ఆయన చనిపోవడానికి కొద్ది రోజుల ముందు దొంగల పాలైంది. కాబట్టి ఆ బేస్ ఇవాళ ఎలా పలుకుతుందో పోల్చి చూసే అవకాశం ఎవరికీ లేదు. మీ దగ్గరున్న రీఇష్యూకు ముందు ఒక ఫ్లాట్‌వౌండ్ సెట్టు వేయండి, బ్రిడ్జి దగ్గర తీగల కింద స్పాంజి పెట్టండి, నెక్ సరిచేయించుకోండి, నెల రోజులు ఒక వేలితో వాయించండి. ఆ తర్వాత కూడా పికప్ మార్చాలనిపిస్తే మార్చుకోండి. పాత కెపాసిటర్‌కు మాత్రం రూపాయి కూడా పెట్టకండి.